బొగ్గు బాగుంది

2024 నవంబర్ 14, గురువారం

మహిమకు మూడో నెల! నా బిడ్డకు మూడో నెల! దేవా, నీకు వేల స్తోత్రాలు, మూడో నెల!

ఇక్కడ రాసుకుంటే ఎవరు వింటారు? అందుకే మూడుసార్లు రాశాను. పొద్దున్నే కరీంనగర్ నుంచి జోయల్ అల్లుడు ఫోన్ చేశాడు. నేను "హల్లెలూయ" అని అరిచేలోపే మా ఇంటామె ప్రేమమ్మ ఫోన్ గుంజుకుంది. మాట్లాడి పెట్టేసి, నా ముక్కు ముందు వేలు ఊపింది.

"ఏమయ్యా, ఇను. నీ నోరు నాకెరుక. పుట్టేదాక ఒక్క చుట్టానికి చెప్పినవో, నీకు నాకు మాటల్లేవు."

ఆమె భయం తప్పు కాదు. ముందు రెండుసార్లు నేను ఊరంతా చెప్పుకున్నాను. రెండుసార్లూ నాలుగో నెల దాటలేదు. రెండోసారి మెట్‌పల్లి నుంచి మా సత్తమ్మ అక్క చిన్న పసుపు పచ్చ స్వెటర్ అల్లి పంపింది. అది మా ఇంటికి చేరిన రోజు మహిమ దవాఖానలో ఉంది. స్వెటర్ ఇంకా బీరువాలోనే ఉంది. అందుకని ఈసారి అక్కకు లేదు, ఆదిలాబాద్‌లో ఉన్న ఫిలిప్ బావమరిదికి లేదు, గోడ అవతలి అంబదాస్‌కూ లేదు.

కాని నేనూ మనిషినే గదా! లోపల పెట్టుకుంటే పగిలిపోయేటట్టున్నాను. బొగ్గుబాయి నుంచి రిటైరైన రోజు తోటివాళ్ళు ఇచ్చిన పుస్తకం తొమ్మిదేళ్ళుగా ఖాళీగా ఉంది. దీనికైతే చెప్పుకోవచ్చు. గనిలో పైకప్పూ గాలీ చూసే సర్దార్‌గా ఇరవై ఏళ్ళు షిఫ్టు రిపోర్టు రాయడం తప్ప నేను రాసిందేమీ లేదు. పైకప్పు బాగుంది, పక్కలు బాగున్నాయి, గాలి బాగుంది, గ్యాస్ లేదు, కింద సంతకం. ఏడో తరగతి చదువుకు అది చాలు.

ఈ రోజు రిపోర్టు: అన్నీ బాగున్నాయి. ఏలియా.

నవంబర్ 16, శనివారం

జోయల్ వచ్చాడు. చేతిలో మూత ఉన్న వెదురు బుట్ట. బుట్టలో మహిమ పిల్లి, బొగ్గు.

"మామా, డాక్టరమ్మ మంచం దిగొద్దన్నది. పిల్లి దొడ్డికి పోయే ఇసుక ముట్టొద్దు, వేరేటోళ్ళు తియ్యాలె, అంతే అన్నది. మా అవ్వ మాత్రం పిల్లే ఇంట్ల ఉండొద్దన్నది."

"మరి మహిమ?"

"ఏడ్చింది. మా బాపు దగ్గరికైతేనే పంపుతా, ఇంకెక్కడికీ పంప అన్నది."

మా బాపు దగ్గరికైతేనే! ఆ మాట నేను ఛాయ్ తాగుతూ నాలుగుసార్లు తలుచుకున్నాను.

ఈ పిల్లి సంగతి రాయాలి. రెండోసారి పోయాక మహిమ ఇరవై రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. తిననూ లేదు, మాట్లాడనూ లేదు. ఒకరోజు వంటింటి కిటికీలోంచి గుప్పెడంత నల్ల పిల్ల దూరి, నేరుగా పోయి ఆమె పొట్ట మీద పడుకుంది. దానికి పాలు పోయడానికి మహిమ లేచింది. ఆ లేచిందే లేవడం. బాయి సర్దార్ బిడ్డ గదా, నల్లదానికి బొగ్గు అని పేరు పెట్టింది.

నాకు పిల్లులంటే పడదు. ఈ ముక్క ఇక్కడ రాసి పెడుతున్నాను. మహిమ కోసమే.

బొగ్గు: బాగుంది.

నవంబర్ 17, ఆదివారం

ఆరాధనలో నా గొంతు ఎక్కువైందని ప్రేమమ్మ మోచేత్తో పొడిచింది. బొగ్గు: బాగుంది.

నవంబర్ 23, శనివారం

పిల్లి నా ఛాతీ మీద పడుకుంటోంది. దించితే మళ్ళీ ఎక్కుతోంది. దించడం మానేశాను, వయసైన మనిషిని ఎన్నిసార్లని దించుతాను?

మూడో నెల నిండుతోంది. బొగ్గు: బాగుంది. కొంచెం వేడిగా ఉంది, చలికాలం కాబట్టి నాకు అట్లా అనిపించి ఉంటుంది.

నవంబర్ 27, బుధవారం

బొగ్గు: బాగుంది. నిన్నటి నుంచి తినలేదు.

నవంబర్ 30, శనివారం

ప్రేమమ్మ దాని పెదవి పైకెత్తి చూపించింది. చిగుళ్ళు కాగితంలా తెల్లగా ఉన్నాయి.

"దీనికి రక్తం లేదయ్యా."

రక్తానికి కార్జం మంచిదని మా బాయోళ్ళందరికీ తెలుసు. మేక కార్జం పచ్చిదే కోసి పెట్టాను. రెండు ముక్కలు తింది! తింది గదా, ఇంకేం!

సాయంత్రం మహిమ ఫోన్. "బాపూ, బొగ్గు ఎట్లున్నది?"

"మస్తుగున్నది బిడ్డా. కార్జం తింటున్నది."

అబద్ధం కాదు. రెండు ముక్కలు.

డిసెంబర్ 2, సోమవారం

కరీంనగర్ పోయి వచ్చాను. మహిమకు తెలియకుండా మహిమ ఊరికి!

జోయల్ చెప్పిన పశువుల డాక్టర్ శ్యాంసుందర్ గారు. దవాఖాన మహిమ ఇంటికి రెండు సందుల అవతలే. బుట్ట మీద తువ్వాల కప్పి, దొంగలాగా గోడ పట్టుకుని నడిచాను. బెంచీ మీద కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. మహిమ.

"బాపూ, ఎక్కడున్నవ్?"

"ఇంట్లనే బిడ్డా."

పక్క బెంచీ మీది కుక్క మొరిగింది.

"కుక్క ఎవరిది?"

"అంబదాస్‌ది."

"అంబదాస్ కాకకు కుక్కెప్పుడొచ్చింది?"

"మొన్ననే." దేవుడు నన్ను క్షమించాలి, ఆ కుక్కకు పేరు కూడా పెట్టి చెప్పాను.

డాక్టర్ గారు బొగ్గు ముందు కాలు నుంచి ఒక చుక్క రక్తం తీసి చిన్న పట్టీ మీద వేశారు. పది నిమిషాలు. రెండు గీతలు వచ్చాయి. మహిమకు రెండు గీతలు వచ్చినప్పుడు మేము మోకాళ్ళ మీద పడి స్తోత్రం చేశాం. ఈ రెండు గీతలకు ఏం చేయాలో నాకు తెలియలేదు.

"పెద్దాయనా, దీన్ని ఫెలైన్ ల్యూకేమియా అంటరు. వైరస్. రక్తం పుట్టే చోటును దెబ్బ కొడుతది. పిల్లి నుంచి పిల్లికే అంటుకుంటది, నాకడం, ఒక్క గిన్నెల తినడం, కొరుక్కోవడం... మనుషులకు రాదు."

"కడుపుతోటున్న మనిషికి?"

"గా మనిషికి గూడ రాదు. ఇసుక డబ్బ ముట్టొద్దనేది వేరే సంగతి, వేరే జబ్బు." ఆయన నన్ను కళ్ళజోడు మీదుగా చూశారు. "ఎవరున్నరు ఇంట్ల?"

"ఎవరు లేరు సార్."

వైరస్‌ను చంపే మందు లేదట. కొన్ని పిల్లులు లోపలే దాన్ని అణచుకుంటాయట. ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ పరీక్ష. అప్పటిదాకా జ్వరానికి మందు, ఆకలికి మందు, గడప దాటనివ్వొద్దు, ఇంకో పిల్లిని కలవనివ్వొద్దు. పచ్చి కార్జం సంగతి చెబితే తల పట్టుకున్నారు. ఉడకబెట్టాలట.

"ఇంకో దారి కూడ చెప్పాలె. బాధ ఎక్కువైతే ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చుతం. అది ఇప్పుడే అక్కర్లేదు. కాని ఏ మందు ఎంతదాక అనే నిర్ణయం పిల్లి ఎవరిదో వాళ్ళది. పిల్లి మీదేనా?"

"నాదే" అన్నాను. కాగితం మీద యజమాని అన్న చోట సంతకం పెట్టాను. ఏలియా.

బస్సులో వస్తుంటే బుట్ట కంతలోంచి ఒక కాలు బయటికి పెట్టి నా వేలు పట్టుకుంది. కొన్ని అణచుకుంటాయి అన్నారు గదా. ఇది మహిమ పిల్లి. అణచుకుంటుంది!

బొగ్గు: బాగుంది. బాగవుతుంది.

డిసెంబర్ 3, మంగళవారం

మహిమకు చెప్పొద్దని ప్రేమమ్మ, నేను, జోయల్ ముగ్గురం అనుకున్నాం. నాలుగో నెల గడవాలి. ఆ తర్వాత చెబుదాం. లేకుంటే పుట్టాక చెబుదాం. అదే మంచిది.

డిసెంబర్ 9, సోమవారం

అంబదాస్ ఛాయ్‌కు వచ్చాడు. ఆదిలాబాద్ అవతలి మనిషి, ముప్పై ఏళ్ళు నాతో బాయి దిగాడు, ఇప్పటికీ మాటలో మరాఠీ తగులుతుంది. నేను ఫోన్‌లో "బొగ్గు మంచిగున్నది బిడ్డా" అనడం విన్నాడు. గోడ వారగా ఎముకల మూటలా ముడుచుకున్న పిల్లిని చూశాడు.

"భావూ, నువ్వు రాసిన 'బాగుంది' ఎట్లుంటదో నా కాలుకు తెలుసు."

నవ్వుతూనే అన్నాడు. ఛాయ్ గ్లాసు పట్టుకుని కుంటుకుంటూ పోయాడు.

ఆ సంగతి నేనెప్పుడూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. ఇరవై ఆరేళ్ళ కింద, డిసెంబర్ నెలే. క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకు ఆలస్యమవుతోందని, షిఫ్టు చివర ఒక మూలన పైకప్పును కర్రతో కొట్టి చూడకుండానే "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. కర్రతో కొడితే గట్టి రాయి గంటలా పలుకుతుంది, విడిపోయిన రాయి కుండలా డొల్లగా పలుకుతుంది. ఆ మూల ఎట్లా పలికేదో నేను వినలేదు. తర్వాతి షిఫ్టులో ఆ రాయి అంబదాస్ కాలు మీద పడింది. మూడు వేళ్ళు పోయాయి. దవాఖానలో అతని మంచం పక్కన కూర్చుని కొట్టి చూడలేదని నేనే చెప్పాను. అతను పైకి చూస్తూనే, "ఛాయ్ తెప్పియ్" అన్నాడు.

అప్పుడు చెప్పగలిగాను. పిల్లి సంగతి వేరు. ఇది బిడ్డ మంచి కోసం.

డిసెంబర్ 15, ఆదివారం

ఈ రోజు నేను చేసిన పని మీద ప్రేమమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది, వంటింట్లోంచి వినబడుతోంది.

మా చర్చిలో తలుపు దగ్గర ప్రార్థన చీటీల డబ్బా ఉంటుంది. ఎవరి కష్టం వాళ్ళు రాసి వేస్తే, ప్రసంగం అయ్యాక పాస్టర్ గారు చదివి అందరితో ప్రార్థన చేయిస్తారు. మహిమ పేరు రాయొద్దు. పిల్లి పేరు రాస్తే నవ్వుతారు. అందుకని నేను ఇట్లా రాశాను: "మా ఇంట్లో ఒకరికి రక్తంలో పెద్ద జబ్బు. పేరు రాయలేను, దేవునికి తెలుసు." రాసినాక అలవాటు చొప్పున కింద సంతకం పెట్టాను. సంతకం లేని రిపోర్టు ఎట్లా చెల్లుతుంది?

పాస్టర్ గారు చదివారు. చదివి ఏలియా అని కూడా చదివారు. చర్చి మొత్తం తిరిగి ప్రేమమ్మను చూసింది. ఆమె మొన్నటి చలిజ్వరానికి కొంచెం చిక్కింది.

మధ్యాహ్నం నాలుగింటికి స్త్రీల సమాజం పదకొండు మంది బ్రెడ్డు, యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చారు. పెద్దామె మల్లక్క ప్రేమమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"ధైర్యంగుండు ప్రేమమ్మా. ఎన్ని దినాలాయె?"

"ఏం ఎన్ని దినాలు?"

"రక్తం జబ్బు."

"నాకా? నాకెందుకే రక్తం జబ్బు? నీకేమన్న పిచ్చా మల్లక్కా!"

అప్పుడు పదకొండు జతల కళ్ళు నా మీదికి వచ్చాయి. "అయితే నీకా అన్నా?" అంది ఎవరో. మరొకామె అప్పటికే ఏడుస్తోంది. అప్పుడే బొగ్గు మంచం కింది నుంచి వచ్చి, చాప నడుమ ఎండ పడ్డ చోట కూర్చుంది.

"గిదే" అన్నాను.

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లక్క వంగి పిల్లిని ఎగాదిగా చూసింది.

"దీన్ని చేసిందెవరు? ఆయన్నే గదా. వచ్చినం గదా, పాడుండ్రి."

పాడారు! పదకొండు మందీ, మా బొగ్గు కోసం, రెండు పాటలు! ప్రేమమ్మ పళ్ళు కొరుకుతూనే మూడో పాట ఎత్తుకుంది. నా కళ్ళు ఆగలేదు. బొగ్గు మాత్రం ఎండలోంచి కదలలేదు.

డిసెంబర్ 17, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మల్లక్కోళ్ళు మా ఇంటికి రాకముందే ఎవరో మెట్‌పల్లికి ఫోన్ చేశారు. అక్క మాకు చేయకుండా నేరుగా మహిమకు చేసింది: మీ ఇంట్లో ఎవరికో రక్తం క్యాన్సర్ అంట గదా, మీ బాపుకేనా అని.

పది గంటలకు మహిమ ఫోన్. గొంతు ఆమెది కానట్టు ఉంది.

"బాపూ. నీకేనా?"

"ఏంది బిడ్డా?"

"నాకు తెలుసు. నీకే. గందుకే కరీంనగర్ వచ్చుంటవ్. గా కుక్క మొరిగిన రోజు. ఏ దవాఖానకు వచ్చినవ్, చెప్పు."

"నాకేం లేదు బిడ్డా! నీ మీద ఒట్టు. బొగ్గుకు. బొగ్గుకు బాగలేదు."

మహిమ నవ్వింది. నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపయింది. నేను అన్నీ చెప్పాను. రెండు గీతలు, కార్జం, యజమాని సంతకం, చీటీ. ఆమె ఆపకుండా విన్నది. ప్రేమమ్మ నా పక్కన నిలబడి కొంగు నలుపుతోంది.

"నీ పానానికి కష్టమని చెప్పలేదు బిడ్డా. పోయిన రెండుసార్లు..."

"గా రెండుసార్లు గూడ గట్లనే చేసిండ్రు బాపూ."

"ఏం జేసినం?"

"రెండోసారి డాక్టరమ్మ మీకు పొద్దున పదికి చెప్పింది. మీరందరు గుసగుసలాడి, నాకు రెండింటికి చెప్పిండ్రు. గా నాలుగు గంటలు నేను కడుపు మీద చెయ్యేసుకొని దానితోటి మాట్లాడిన బాపూ. పేరు పెట్టి మాట్లాడిన."

నాకు తెలియదు. ఆ సంగతి నాకు ఇవాళ్టి దాకా తెలియదు.

"రేపు నీకేమన్నయితే గూడ నాకు మంచిగుందనే చెబుతరా?"

వాళ్ళ అవ్వకు ఫోన్ ఇయ్యమంది, ఇచ్చాను. ప్రేమమ్మ "అవును, అవును" అని మాత్రమే అంది.

సాయంత్రం జోయల్ చేశాడు. డాక్టరమ్మ చూసింది, బీపీ బాగానే ఉంది, లోపల గుండె చప్పుడు గట్టిగా ఉంది. ఇది నేను చూసి రాసింది కాదు, జోయల్ చెప్పింది. దేవా, నిజమే చెప్పి ఉండాలి.

డిసెంబర్ 18, బుధవారం

మహిమ పెట్టిన రూలు: రోజూ సాయంత్రం ఐదింటికి రిపోర్టు. "బాగుంది" అన్న మాట వాడొద్దు. ఏం తిన్నది, ఎంత తిన్నది, చిగుళ్ళ రంగు, ఎక్కడ కూర్చున్నది. చూడని సంగతి చూడలేదని చెప్పాలి.

బొగ్గు: ఉడికిన చేప నాలుగు ముక్కలు. చిగుళ్ళు తెలుపు. పొద్దున గడప మీది ఎండలో గంట సేపు. నోట్లో ఎడమ వైపు పుండు ఉంది. పది రోజుల కిందే చూశాను, రాయలేదు.

ఏలియా.

2025 జనవరి 14, మంగళవారం

ఐదో నెల నిండుతోంది! లోపల తన్నుతోందట! ఫోన్ పొట్టకు ఆనించి "బాపూ, ఇను" అంది. నాకేమీ వినబడలేదు. విన్నాను అన్నాను. తర్వాత వినబడలేదని కూడా చెప్పాను, రూలు రూలే.

బొగ్గు: అన్నం ముట్టలేదు, చేప రసం సగం గిన్నె. నోటి పుండు తగ్గింది.

జనవరి 27, సోమవారం

రెండో పరీక్ష. రెండు గీతలు.

దవాఖాన బెంచీ మీంచే ఫోన్ చేసి చెప్పాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

నిన్న శ్యాంసుందర్ గారు ఫోన్‌లో మహిమతో, నాతో కలిపి మాట్లాడారు. రక్తం పుట్టే చోటు పాడయిపోతోంది. హైదరాబాద్ తీసుకుపోతే ఇంకో పిల్లి రక్తం ఎక్కించే వీలుంది. దాంతో రెండు మూడు వారాలు లేచి తిరుగుతుంది, తర్వాత మళ్ళీ ఇదే. లేదంటే ఇంట్లోనే ఉంచి, వాపు తగ్గే గోలీ, ఆకలి గోలీ, ఎన్ని రోజులు సుఖంగా ఉంటే అన్ని రోజులు.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక మహిమ చేసింది.

"బాపూ, రక్తం ఎక్కిద్దాం. హైదరాబాద్ జోయల్ తీసుకపోతడు."

"సరే బిడ్డా" అనడానికి నోరు తెరిచాను. అదే నా అలవాటు. చిన్నప్పటి నుంచి ఆమె ఏమడిగినా సరే అన్నాను. కాని బొగ్గు అప్పుడే నా ఒళ్ళో ఉంది. బుట్ట చూస్తే చాలు, గుండె దడదడా కొట్టుకుని మంచం కింద ఒంటికి పోస్తోంది. ఒకసారి కరీంనగర్ పోయి వస్తే రెండు రోజులు తినడం లేదు.

"బిడ్డా, ఒక మాట చెప్తా. కోపం జెయ్యకు."

"చెప్పు."

"బాయిల పైకప్పు కూలేముందు మాట్లాడుతది. టిక్కు టిక్కుమని సప్పుడు, సన్నగ మట్టి రాలుడు. గప్పుడు గని దిగినోడు కప్పుకు ఆసరగ కొత్త గుంజ పెట్టడు. పెడితే గుంజతోటి మనిషి గూడ పోతడు. గుంజలిడిచిపెట్టి మనుషులను బయటికి తీసుకొస్తడు."

"బయటికంటే ఎక్కడికి బాపూ? సంపేద్దామంటున్నవా?"

"కాదే. భయం లేకుండ, ఆకలి లేకుండ, మన నడుమ. గంతే నేను చెయ్యగలిగేది. హైదరాబాద్ మనకోసం తీసుకపోతం బిడ్డా, దానికోసం కాదు. నాకు గట్ల అనిపిస్తున్నది. నేను తప్పు కావచ్చు. పిల్లి నీది, నువ్వే చెప్పాలె."

ముప్పై నాలుగేళ్ళ నౌకరీలో ఆఫీసర్‌కు కూడా నేను ఇంత మాట చెప్పలేదు. మహిమ ముక్కు చీదుకుంది.

"పొద్దున ఎండకు వస్తున్నదా?"

"వస్తున్నది. గోడ పట్టుకొని వస్తున్నది."

"అయితే ఇప్పుడే కాదు. గోలీలే. గడప మీది ఎండకు రాని రోజు నాకు చెప్పు. గా రోజు చూద్దాం."

బొగ్గు: చేప మూడు ముక్కలు. చిగుళ్ళు తెలుపు. ఎండలో ముప్పావు గంట. ఒక ఈగను చూసి తోక ఆడించింది!

ఫిబ్రవరి 20, గురువారం

గోలీ పని చేస్తోంది. గిన్నె నాకేసింది. ప్రేమమ్మ దానితో గంట సేపు మాట్లాడింది, నాతో అంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

మార్చి 19, బుధవారం

మహిమ వచ్చింది! ఏడో నెల పొట్టతో నా బిడ్డ నా ఇంటికి వచ్చింది! డాక్టరమ్మ మెల్లగా కారులో పోవచ్చంది, కాన్పు దాకా ఇక్కడే ఉంటుంది. వెంట జోయల్, అతని అవ్వ, మా వియ్యపురాలు రోజారాణి. ఆమె చేతిలో స్టీలు డబ్బా, డబ్బాలో ఉప్పు కారం లేకుండా ఉడికించిన చేపలు.

"అన్నా, నేనిట్ల పిల్లిని ఎళ్ళగొట్టిన్నని మీరంత అనుకుంటున్నరు."

"లేదమ్మా."

"అనుకోండ్రి. నాకు పిల్లంటే భయం లేదు. మూడోసారి గా దవాఖాన మెట్లు ఎక్కుడంటే భయం. ఏదో ఒకటి ఇంట్లకెళ్ళి తీసేస్తే భయం పోతదనుకున్న."

నేనేం చేశాను? నేనూ అదే చేశాను గదా, మాటను తీసేశాను.

మహిమ మంచం మీద కూర్చోగానే బొగ్గు వచ్చింది. ఎక్కలేకపోయింది. రోజారాణి వంగి, రెండు చేతులతో ఎత్తి, మహిమ పక్కన పెట్టింది. అది పొట్ట వాసన చూసి, తల ఆనించి పడుకుంది. లోపలి నుంచి ఒక తన్ను! బొగ్గు తల ఎత్తి పొట్ట వైపు చూసిన చూపుకు అందరం నవ్వాం. "ఎవలే నువ్వు, నా జాగల" అన్నట్టు చూసింది.

అంబదాస్ కిటికీలోంచి, "భావూ, గిదేనా నువ్వు నవంబర్ నుంచి దాసిన ముచ్చట? నువ్వు చర్చిల పాడే గొంతుతోనే కాలనీ మొత్తానికి తెలిసింది" అన్నాడు.

కాలనీకి తెలిస్తే తెలిసింది. చుట్టాలకు మాత్రం పుట్టాకనే. మాట ఇచ్చాను.

మార్చి 30, ఆదివారం

బొగ్గు: నీళ్ళు కొంచెం. ఎండకు మెల్లగా వచ్చింది. ఐదు నిమిషాలు.

ఏప్రిల్ 1, మంగళవారం

ఎండకు రాలేదు.

నేను మహిమకు చెప్పాను. "నేను గూడ చూసిన బాపూ" అంది.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున కూడా రాలేదు. శ్యాంసుందర్ గారికి ఫోన్ చేస్తే, మంచిర్యాల నుంచి ఒక డాక్టరమ్మను ఇంటికే పంపారు. బుట్ట అవసరం పడలేదు.

ఆమె కాగితం ఇచ్చింది. యజమాని అన్న చోటు చూసి, నా చెయ్యి దానంతటదే పెన్ను పట్టుకుంది. ఆపుకుని మహిమకు ఇచ్చాను. చూసి, చదివి, సంతకం పెట్టింది. మహిమ.

గడప మీద ఎండ ఉన్నప్పుడే, చాప అక్కడికి జరిపి, మహిమ ఒళ్ళో. మహిమ దానికి ఏం జరగబోతోందో మొత్తం చెప్పింది. ఏమీ దాచలేదు. ముందు నిద్రకు ఒక సూది, తర్వాత ఇంకోటి. ప్రేమమ్మ పాట ఎత్తుకుంది, నేను అందుకున్నాను.

నాకు పిల్లులంటే పడదని ముందు రాశాను. కొట్టి చూడకుండా రాసిన రిపోర్టు అది.

ఏప్రిల్ 3, గురువారం

పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన తవ్వాను. అంబదాస్ కుంటుకుంటూ వచ్చి పార అందుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు బొగ్గు పైకి తీశాను. ఇవాళ లోపల పెట్టాను.

జూన్ 6, శుక్రవారం

పుట్టింది! పుట్టింది! ఆడపిల్ల! పొద్దున తొమ్మిది దాటి పది నిమిషాలకు! రెండు కిలోల ఎనిమిది వందలు, నెత్తి నిండా నల్లటి జుట్టు! ఏడుపు వరండా దాకా వినబడింది, ఈసారి నిజంగా నా చెవులతో విన్నాను! మహిమను చూశాను, మాట్లాడాను, మంచినీళ్ళు తాగింది, నవ్వింది. పాపను చూశాను, పది వేళ్ళూ లెక్క పెట్టాను, రంగు ఎరుపు, ఊపిరి సమంగా ఉంది. అన్నీ చూసే రాస్తున్నాను. అన్నీ బాగున్నాయి!

ప్రేమమ్మ కళ్ళు తుడుచుకుని, "ఇగ చెప్పుకో పో, నీ ఇష్టం" అంది. చెప్పవలసినవాళ్ళు:

మెట్‌పల్లి సత్తమ్మ అక్క. అందరికంటే ముందు. పసుపు స్వెటర్ సరిపోతుందని చెప్పాలి, జూన్ ఎండైనా సరే ఒకసారి తొడిగి ఫోటో పంపాలి. రక్తం జబ్బు పిల్లికని అక్క ఇంకా నమ్మడం లేదు, అది కూడా ఇంకోసారి చెప్పాలి.

ఆదిలాబాద్ ఫిలిప్ బావమరిది. ఏడు నెలలు దాచినందుకు అలుగుతాడు. అలగనివ్వాలి.

ఫిలిప్ కూతురు ఆరాధన. తండ్రి చెప్పేలోపే విడిగా చేయాలి.

ప్రేమమ్మ చిన్నమ్మ, శ్రీరాంపూర్ పాత క్వార్టర్లలో. చెవులు వినబడవు, పోయి చెప్పాలి.

మల్లక్క, ఆ పదకొండు మంది. చుట్టాలు కారు, అయినా మా ఇంట్లో పాడారు. ఆదివారం చీటీ రాయాలి, ఈసారి పేర్లతో.

శ్యాంసుందర్ డాక్టర్ గారు. "ఇంట్ల ఎవరున్నరు" అని అడిగారు, జవాబు బాకీ ఉంది.

అంబదాస్. వరండాలో పక్కనే కూర్చుని ఉన్నాడు, అయినా నా నోటితో చెప్పాలి.

బొగ్గు. కరివేపాకు చెట్టు దగ్గరికి పాపను ఎత్తుకుని వచ్చి తనే చెబుతానంది మహిమ. నేను బట్టలు తీసుకుపోవడానికి ఇంటికి వచ్చినప్పుడు ముందే చెప్పేశాను. నా నోరు ప్రేమమ్మకు ఎరుకే.